బగ్దాదు పీఠం వదిలిన ఉస్తాదు – ఇమామ్ గజాలీ

తిండి, బట్ట, ఇల్లు – ఈ మూడూ ఉంటే మనిషికి ఇంకేం కావాలి అని అడిగేవాళ్ళు మన బస్తీల్లో చాలామందే ఉన్నారు. అడగడంలో తప్పేమీ లేదు. ఈ మూడూ లేనివాడికి నమాజు మీద ఉపన్యాసం చెబితే వినే ఓపిక ఉండదు. మన సొసైటీ పుట్టిందే ముందు ఆ మూడింటి కోసం గదా! కాని ఆ మూడూ ఉండి, వాటిపైన పేరు, పదవి, దర్బారులో మర్యాద అన్నీ ఉండి, ఒకనాడు ముద్ద మింగుడుపడక, నోట మాట రాక కూలబడిపోయిన మహానుభావుడు ఒకరున్నారు. ఆయన ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ, రహ్మతుల్లాహి అలైహి. ఆయన రాసిన 'కీమియాయె సఆదత్' ఉర్దూ తర్జుమా మన పెద్దల అల్మారాల్లో అట్ట కట్టించి భద్రంగా ఉంటుంది. తీసి చదివేవాళ్ళే తక్కువ. అందుకే ఈ యేడు సావనీరులో ఆ మహనీయుని జీవితాన్ని మాకు తెలిసినంతలో చెప్పుకుందామని పూనుకున్నాము.

హిజ్రీ 450వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 1058లో, ఇరాన్ దేశపు ఖురాసాన్ ప్రాంతంలో తూస్ అనే పట్నంలో ఆయన పుట్టారు. ఈనాటి మష్హద్ నగరానికి దగ్గరలోనే ఉంది ఆ చోటు. తండ్రి ఉన్ని వడికి, దుకాణంలో అమ్ముకొని బతికే పేదవాడు. అరబ్బీలో 'గజ్జాల్' అంటే వడికేవాడు. అందువల్లనే గజాలీ అనే పేరు వచ్చిందని ఎక్కువమంది అంటారు. మన నూర్‌బాషా సోదరులకు ఈ మాట విని సంతోషం కలగాలి. ఆ తండ్రి పెద్దగా చదువుకోలేదు. అయితే పని అయిపోగానే ఆలిముల మజ్లిస్‌కు పోయి ఓ మూల కూర్చొని వినేవాడు. వింటూ ఏడ్చేవాడు. నాకూ ఇలాంటి కొడుకును ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకొనేవాడు. చివరికి ముహమ్మద్, అహ్మద్ అని ఇద్దరు కొడుకులు కలిగారు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యేదాకా ఆయన బతకలేదు. పోయేముందు తన దగ్గర ఉన్న కొద్దిపాటి సొమ్ము ఒక సూఫీ మిత్రుని చేతిలో పెట్టి, తనకు దక్కని చదువు తన బిడ్డలకైనా చెప్పించమని అప్పగించి కన్నుమూశాడు.

ఆ మిత్రుడు నమ్మకస్తుడే. కాని సొమ్ము కొన్నాళ్ళకే అయిపోయింది. ఆయనా గరీబే. పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకొని సంగతి దాచకుండా చెప్పి, విద్యార్థులకు తిండీ బసా ఇచ్చే మద్రసాలో చేరమన్నాడు. ఆ విధంగా ఆ పిల్లలు అన్నం కోసం చదువులో చేరారు. పెద్దయ్యాక గజాలీయే ఈ సంగతి దాచకుండా చెప్పుకొన్నారు. మేము చదువులోకి వచ్చింది దేవుని కోసం కాదు, కాని చదువే మమ్మల్ని అటు తిప్పింది అనే భావంలో. స్కాలర్‌షిప్పు కోసం దరఖాస్తు పెట్టుకొనే మన పిల్లలు సిగ్గుపడవలసిన పని లేదన్నమాట. ఇస్లాం లోకంలో అంతటి ఇమాము ధర్మసత్రపు రొట్టె తిని పైకి వచ్చినవాడే.

కుర్రతనంలో ఆయన జుర్జాన్ అనే ఊరికి పోయి అక్కడి ఉస్తాదుల దగ్గర చదివి, పాఠాలన్నీ రాసుకొని తిరిగివస్తున్నారు. దారిలో దొంగలు పడి కాఫిలాను దోచుకున్నారు. మిగతావాళ్ళు ప్రాణం దక్కిందే చాలని పోతుంటే ఈయన మాత్రం దొంగల వెంటబడ్డారు. సామానంతా ఉంచుకోండి, నా కాగితాలు మాత్రం ఇవ్వండి, మీకు అవి పనికిరావు, నా చదువంతా వాటిలోనే ఉంది అని దొంగల నాయకుణ్ణి బతిమాలారు. నాయకుడు పకపకా నవ్వాడు. ఒకడు గుంజుకుంటే పోయేది చదువెలా అవుతుందని ఎగతాళి చేసి, కాగితాల మూట విసిరేసి పోయాడు. ఆ మాట అల్లాహ్ ఆ దొంగచేత పలికించాడని గజాలీ అనుకున్నారు. ఊరు చేరాక మూడేళ్ళు కూర్చొని, రాసుకున్నదంతా కంఠస్థం చేశారు. మేము బళ్ళో పిల్లలకు ఈ కథ ఎన్నోసార్లు చెప్పాము. నోట్సు పోయిందని పరీక్షల ముందు ఏడ్చే పిల్లలకు ఇంతకంటె మంచి మందు లేదు.

తరువాత ఆయన నిషాపూర్ చేరి, ఇమాముల్ హరమైన్ అని పేరుపొందిన అల్ జువైనీ దగ్గర శిష్యులయ్యారు. 1085లో ఆ గురువు చనిపోయేదాకా ఆయనను విడవలేదు. గురువు పోయాక, సల్జూక్ సుల్తాను మలిక్ షా వజీరు నిజాముల్ ముల్క్ విడిదికి పోయారు. ఆ వజీరు దర్బారంటే ఆలిములకు పందెపు బరి లాంటిది. పెద్ద పెద్ద పండితులు అక్కడ వాదాలకు దిగేవారు. గజాలీ అందరినీ నెగ్గారు. 1091లో, ముప్పయి మూడేళ్ళ వయసులో, బగ్దాదులోని నిజామియా మద్రసాకు ప్రధాన ఉస్తాదుగా ఆయనను పంపారు. ఆ కాలానికి అంతకు మించిన ఉద్యోగం చదువుకున్నవాడికి లేదనే చెప్పాలి. మూడు వందల మంది విద్యార్థులు ఆయన ముందు కూర్చొనేవారు. ఖలీఫా కొలువులో గౌరవం, వజీరు ఇంట్లో గౌరవం. ఆయన బగ్దాదులో అడుగుపెట్టిననాడు ఒంటిమీది దుస్తులు, ఎక్కి వచ్చిన వాహనం కలిపి వెల కడితే 500 దీనార్లు తేలిందని చరిత్రకారుడు ఇబ్నుల్ జౌజీ రాశాడు. ఈ అంకె చదువరులు గుర్తుపెట్టుకోవాలి. మళ్ళీ దీని పని పడుతుంది.

పాఠాలు చెప్పగా మిగిలిన వేళల్లో, ఏ గురువూ లేకుండానే, యూనాన్ తత్వశాస్త్రమంతా రెండేళ్ళ లోపల చదివి, ఇంకో ఏడాది దాన్ని నెమరువేసి, ఆ తత్వవేత్తల వాదాల్లోని లోపాలు చూపుతూ 'తహాఫుతుల్ ఫలాసిఫా' రాశారు. ఆ వాదాల లోతు ఇక్కడ మనకెందుకు గాని, ఒక్క సంగతి చెప్పాలి. ఇంత చదివినా ఆయనకు లోపల శాంతి లేదు. ఈ నడుమనే, 1092లో, ఆయనను అందలమెక్కించిన నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు. నెల తిరిగీ తిరగకముందే సుల్తాను మలిక్ షా కూడా పోయాడు. ఇంకో ఏడాది దాటాక ఖలీఫా పోయాడు. ఎవరి కొలువులో మర్యాద దొరికితే జన్మ ధన్యమని లోకం అనుకుంటుందో, ఆ ముగ్గురినీ మూడేళ్ళు నిండకముందే మట్టి కప్పేసింది.

అప్పుడు ఆయన సూఫీల గ్రంథాలు పట్టుకున్నారు. అబూ తాలిబ్ మక్కీ, ముహాసిబీ, జునైద్ వంటి పెద్దల మాటలన్నీ చదివారు. ఆయనకు చదవడం ఎంతసేపు! చదివాక తెలిసింది, ఇది చదివితే వచ్చేది కాదని. ఆరోగ్యమంటే ఏమిటో వైద్యుడికి అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఆయనే జబ్బుపడితే ఆ తెలివివల్ల ఆరోగ్యవంతుడైపోతాడా? జుహ్ద్ అంటే ఏమిటో నిర్వచనం చెప్పడం వేరు, మనసు లోకాన్ని వదలడం వేరు. ఈ పోలిక ఆయనదే. తన 'అల్ మున్‌కిజ్ మినజ్జలాల్' అనే చిన్న పుస్తకంలో ఈ కథంతా ఆయన స్వయంగా రాసుకున్నారు.

ఆ పుస్తకంలో మమ్మల్ని ఎక్కువగా కదిలించింది ఆయన తన ఉద్యోగాన్ని పరీక్షించుకున్న ఘట్టం. ఆయన పనుల్లోకెల్లా గొప్ప పని పాఠం చెప్పడమే గదా! అదైనా అల్లాహ్ కోసం చేస్తున్నానా అని తనను తాను అడుగుకున్నారు. లేదు, పేరు కోసం, పదవి కోసం అని లోపలినుంచి జవాబు వచ్చింది. కూలిపోయే గట్టు అంచున నిలబడి ఉన్నట్టు తోచింది. పొద్దున బగ్దాదు వదిలిపోవాలని గట్టిగా నిశ్చయించుకొనేవారు. సాయంత్రానికి ఆ నిశ్చయం సడలిపోయేది. ఒక పక్క ప్రయాణం దగ్గరపడిందని హెచ్చరిక, ఇంకో పక్క ఇంత సుఖమైన బతుకు చేజార్చుకుంటే మళ్ళీ దొరకదని షైతాను గుసగుస. ఇలా 1095 జూలై, అంటే హిజ్రీ 488 రజబ్ నెలనుంచి, దాదాపు ఆరు నెలలు నలిగిపోయారు. చివరికి నాలుక కట్టుబడిపోయింది. పిల్లలు ఎదురుచూస్తున్నారని ఒక్క పాఠమైనా చెబుదామని కూర్చుంటే మాట పెగిలేది కాదు. తిండి సహించదు. నీళ్ళు దిగవు. ఒళ్ళు చిక్కిపోయింది. హకీములు నాడి చూసి, ఇది గుండెలో పుట్టి ఒంటికి పాకిన జబ్బు, మా మందు పనిచేయదని చేతులెత్తేశారు.

కొందరు చరిత్రకారులు ఆయన రాజకీయ భయంతో పారిపోయారని అంటారు. అవి హత్యల రోజులు నిజమే. అయితే భయపడినవాడు ఊరు మారితే సరిపోతుంది, ఇంకో దర్బారు వెతుక్కుంటాడు. ఈయన తరువాత బతికిన పదహారేళ్ళ బతుకు చూస్తే ఆ మాట మాకు పొసగదు. ఆ రోజుల్లో బగ్దాదు జనం కూడా తలకొక మాట అన్నారట. దూరంగా ఉన్నవాళ్ళు, పైవాళ్ళకు భయపడి పోతున్నాడన్నారు. దగ్గరుండి చూసినవాళ్ళు, పైవాళ్ళే ఉండమని బతిమాలుతుంటే ఈయన మొహం తిప్పుకోవడం చూసి, ఇస్లాంకు ఎవరి దిష్టో తగిలిందన్నారు. ఇంత మంచి ఉద్యోగం దీన్ కోసం ఎవడైనా వదులుతాడా అని ఒక్కరికీ నమ్మకం కుదరలేదు. ఈనాటికీ మన జనం అంతే గదా!

1095 చివర, హజ్‌కు పోతున్నానని పైకి చెప్పి, మనసులో షామ్ దేశం పోవాలని అనుకొని ఆయన బయలుదేరారు. ఉన్న ధనమంతా పంచేశారు. భార్యాబిడ్డల పోషణకు కావలసినంత మాత్రం ఉంచారు. ముస్లిముల మేలు కోసం వక్ఫు అయిన ఇరాక్ సొమ్ములోనుంచి ఆలిము తన బిడ్డలకు తీసుకోవడం ధర్మమేనని ఆయన నిర్ణయం. ఇది చాలామంది గమనించరు. భక్తి పేరు చెప్పి ఇంటివాళ్ళను వీధిలో వదిలేసి పోలేదాయన. పాఠం చెప్పే కుర్చీలో తమ్ముడు అహ్మద్‌ను కూర్చోబెట్టి మరీ పోయారు.

డమాస్కస్‌లో దాదాపు రెండేళ్ళు ఉన్నారు. ఉమయ్యద్ జామె మస్జిదు మినారు ఎక్కి, తలుపు మూసుకొని, పగలంతా జిక్ర్‌లో గడిపేవారు. మూడు వందల మందికి పాఠం చెప్పిన మనిషి అక్కడ ఎవరికీ తెలియని ఫకీరు. ఒకనాడు అక్కడి మద్రసాలో ఎవరో ముదర్రిస్ గజాలీ ఇలా అన్నారని పాఠం చెబుతుంటే విన్నారనీ, మనసులో గర్వం మొలకెత్తుతుందేమోనని భయపడి ఆ ఊరే వదిలారనీ ఒక కథ చెబుతారు. తరువాత బైతుల్ మఖ్దిస్ పోయి, అక్కడా రోజూ సఖ్రా గుమ్మటంలో తలుపు మూసుకొని కూర్చొనేవారు. అక్కడినుంచి హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం సమాధి ఉన్న అల్ ఖలీల్ పట్నం పోయి, 1096లో ఆ సమాధి దగ్గర మూడు ప్రతిజ్ఞలు చేశారు. ఏ పాలకుని గడప తొక్కకూడదు, ఏ పాలకుని సొమ్ము ముట్టకూడదు, గెలుపు కోసం ఎవరితోనూ వాదానికి దిగకూడదు. ఆ తరువాత మక్కా మదీనాలు పోయి హజ్, జియారత్ చేసుకున్నారు.

ఆయన బగ్దాదుకు తిరిగివచ్చినప్పుడు మళ్ళీ దుస్తుల వెల కట్టినవాళ్ళున్నారు. ఈసారి 15 ఖీరాతులు. ఇరవై ఖీరాతులైనా ఉంటేగాని ఒక్క దీనారు కాదు. వెనక 500 దీనార్లు తేలిన ఒళ్ళు అదే!

ఈ సంచారంలోనే ఆయన 'ఇహ్యాఉ ఉలూమిద్దీన్' రాశారు. నలభై ప్రకరణాల మహాగ్రంథం. నాలుగు భాగాలు, భాగానికి పది. మొదట ఇబాదత్, తరువాత తినడం, పెళ్ళి, సంపాదన వంటి నిత్యజీవితపు మర్యాదలు, ఆ తరువాత మనిషిని ముంచే గుణాలు, చివర ఒడ్డున చేర్చే గుణాలు. దాని సారాన్నే తరువాత మామూలు జనం కోసం తమ ఫార్సీ భాషలో 'కీమియాయె సఆదత్'గా రాశారు. ఆలిములకు అరబ్బీ, అంగడివాళ్ళకు ఫార్సీ. జనం భాషలో దీన్ చెప్పడం తక్కువ పని అనుకొనేవారికి ఇది చెప్పాలి. మేము ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయడానికి ధైర్యం అక్కడే వచ్చింది.

మొదట అడిగిన ప్రశ్నకు ఆ గ్రంథాల్లో ఆయన చెప్పిన సమాధానం చూడండి. మనిషి శరీరానికి కావలసినవి మూడే – తిండి, బట్ట, ఇల్లు. వాటికోసం మూడే వృత్తులు పుట్టాయి – సేద్యం, నేత, ఇల్లు కట్టడం. నాగలికి కమ్మరి, కర్రపనికి వడ్రంగి కావలసివచ్చారు. సరుకు మార్చుకోవడానికి బజారు వచ్చింది. బజారులో తగవు వచ్చింది. తగవు తీర్చడానికి ఖాజీ, ఖాజీ మాట చెల్లడానికి పాలకుడు, పాలకునికి పన్ను, పన్నుకు లెక్కలు రాసే గుమాస్తా వచ్చారు. చివరికి ఈ గొలుసులో ఇరుక్కున్న మనిషి ఇదంతా మూడింటి కోసమే మొదలయిందన్న సంగతి మరిచాడు. ఆ మూడూ శరీరం కోసం, శరీరం ఆత్మకు సవారీ అన్న సంగతీ మరిచాడు.

దీనికి ఆయన హజ్ యాత్రికుని ఒంటెను ఉదాహరణ చెబుతారు. ఒంటెకు మేత వేయాలి, నీళ్ళు పెట్టాలి, చలికి గుడ్డ కప్పాలి. వేయకపోతే ఎడారిలో యాత్రికుడే చస్తాడు. కాని దారిలో దిగినచోట ఆ ఒంటెకు రకరకాల గడ్డి ఏరుతూ, రంగురంగుల జూలు తొడుగుతూ, చల్లటి నీళ్ళు తెస్తూ కూర్చున్నాడనుకోండి. కాఫిలా కదిలిపోతుంది. కాబా ఎటుందో, తానెందుకు బయలుదేరాడో వాడికి గుర్తుండదు. అడవిలో ఒంటె, వాడు మిగులుతారు. మన కుటుంబాల్లో దుబాయి, సౌదీ పోయి చెమటోడ్చి పంపిన రూకలు ఎలా ఖర్చవుతున్నాయో మేము లెక్క తీయబోవడం లేదు. వలీమా విందులో ఎన్ని రకాలు పెట్టారో లెక్కపెట్టే సోదరులూ, కొత్త ఇంటి బండలకు అయిన ఖర్చు చెప్పుకొనే సోదరులూ ఆ ఒంటె బొమ్మ ఒకసారి మనసులో గీసుకుంటే చాలు.

నమాజు విషయంలోనూ ఆయన ఇదే పట్టు పట్టారు. వంగడం, లేవడం నమాజు ఒళ్ళు. మనసు అక్కడ ఉండడం దాని ప్రాణం. నాలుక అల్లాహ్‌ను పిలుస్తుంటే మనసు దుకాణం లెక్క చూసుకుంటే అది ఎవరి నమాజు? రాసినవాడు తన సొంత పాఠానికే ఈ ప్రశ్న వేసుకొని జబ్బుపడ్డ మనిషి కాబట్టి ఈ మాటకు బరువుంది.

బిడ్డల మీద బెంగ ఆయనను చివరికి ఇంటికి లాక్కొచ్చింది. ఈ సంగతి కూడా ఆయనే రాసుకున్నారు. ఇల్లు చేరాక కూడా ఏకాంతం కోసం పాకులాడారు గాని ఇంటి గొడవలు, కాలం తెచ్చే చిక్కులు అడ్డువచ్చేవి. అయినా దొరికినంతలో వదల్లేదు. సంసారం నెత్తిన పెట్టుకొని భక్తికి తీరిక లేదనేవారికి ఇంతకంటె దగ్గరి చుట్టం ఎవరు?

1099లో బైతుల్ మఖ్దిస్ క్రూసేడు సైన్యాల చేతిలో పడింది. ఆయన దాని గురించి ఏమీ రాయలేదని తప్పుపట్టేవారున్నారు. వారి బాధ మాకు అర్థమవుతుంది. ఆ మూడేళ్ళ క్రితమే అక్కడ కూర్చొని దువా చేసిన మనిషి గదా!

1106లో నిజాముల్ ముల్క్ కొడుకు ఫఖ్రుల్ ముల్క్ ఆయనను నిషాపూర్ నిజామియాలో పాఠం చెప్పమని ఒత్తిడి చేశాడు. అల్ ఖలీల్‌లో చేసిన ప్రతిజ్ఞ సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆయనా తటపటాయించారు. మంచివాళ్ళను సంప్రదించారు. జనం దీన్‌లో సందేహాలతో కొట్టుకుపోతుంటే సుఖం కోసం మూల కూర్చోవడం కూడా ఒకరకమైన స్వార్థమేనని తోచింది. హిజ్రీ 500 దగ్గరపడింది. ప్రతి శతాబ్దం మొదట దీన్‌ను బాగుచేసేవారిని అల్లాహ్ పంపుతాడన్న హదీసు ఉండనే ఉంది. బగ్దాదు వదిలింది జుల్‌ఖాదా నెలలో. పదకొండేళ్ళకు మళ్ళీ అదే జుల్‌ఖాదా నెలలో నిషాపూర్ కుర్చీ ఎక్కారు. పైకి చూస్తే పాత ఉద్యోగమే. అయితే అప్పుడు పదవి సంపాదించే విద్య చెప్పాననీ, ఇప్పుడు పదవి వదిలించే విద్య చెబుతున్నాననీ ఆయన భావం.

అబ్దుల్ గాఫిర్ అల్ ఫారిసీ అని ఆ కాలపు పండితుడే ఒకాయన ఈ రోజుల్లో ఆయనను తరచు చూడబోయాడు. గజాలీ వెనకటి రోజుల్లో ఎంత దురుసు మనిషో, ఎదుటివాణ్ణి ఎంత చులకనగా చూసేవాడో ఆయనకు తెలుసు. ఇప్పటి వినయం చూసి ఇది నటన అనుకున్నాడు. చాలాకాలం పరీక్షగా చూసి, నటన కాదని తేలాకే అలా రాశాడు. పొగడ్త రాసేవాళ్ళు వందమంది ఉంటారు గాని, అనుమానంతో మొదలుపెట్టి ఒప్పుకున్నవాడి సాక్ష్యం మాకు ఎక్కువ.

కొంతకాలానికి నిషాపూర్ కూడా వదిలి తూస్ చేరుకున్నారు. ఇంటి పక్కనే విద్యార్థులకు ఒక మద్రసా, సూఫీలకు ఒక ఖాన్ఖా కట్టుకున్నారు. ఆయన రాతలమీద విరోధులు ఫిర్యాదు చేయగా సుల్తాన్ సన్జర్ పిలిపించినప్పుడు, తన ప్రతిజ్ఞ గుర్తుచేస్తూ, పన్నుల కింద నలిగిపోయిన తూస్ ప్రజలమీద దయచూపమని అడిగారు. బగ్దాదు నిజామియా పీఠం ఖాళీ అయి మళ్ళీ రమ్మని కబురు వస్తే ఒప్పుకోలేదు. ఇక్కడి విద్యార్థులు ఏమవుతారు, ఇంటివాళ్ళను ఎక్కడికని లాక్కుపోను, పాలకుల జీతం తీసుకోనని మాట ఇచ్చాను గదా అని జవాబు రాశారు.

చివరి రోజుల్లో ఖుర్ఆన్ పారాయణం, పిల్లలకు పాఠం, వీటితోపాటు హదీసు చదువు మొదలుపెట్టారు. అంత పేరుపొందిన ఇమాము యాభై దాటాక బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు ముందు పెట్టుకొని విద్యార్థిలా కూర్చున్నారు. 1111 డిసెంబరు 18, హిజ్రీ 505 జమాదిల్ ఆఖర్ 14, సోమవారం. తెల్లవారుజామున వజూ చేసి నమాజు చదివి, కఫన్ తెప్పించి కళ్ళకద్దుకొని, ప్రభువు పిలుపుకు సిద్ధమని ఖిబ్లా వైపు కాళ్ళు చాపుకొని పడుకున్నారనీ, పొద్దు పొడవకముందే ప్రాణం పోయిందనీ తమ్ముడు అహ్మద్ చెప్పినట్టు రాశారు. తూస్‌లోని తబరాన్‌లో ఖననం చేశారు.

కొడుకులు మిగలలేదు, కూతుళ్ళే. తండ్రినుంచి వచ్చినదీ, తాను కష్టపడి సంపాదించినదీ కలిసి ఇంటి ఖర్చుకు సరిపోయేది. అంతకుమించి ఇవ్వబోయినవారినుంచి ఆయన తీసుకోలేదని ఫారిసీ రాశాడు.